వలస కూలీల పిల్లల బడికి కొత్త పట్టభద్రులు: ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి?

తుబరహళ్ళి వాసి · జనవరి 18, ఉదయం 10:20

వేదిక సభ్యులకు నమస్కారం. మారతహళ్ళికీ వైట్‌ఫీల్డుకూ మధ్య అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల పిల్లల కోసం మేము పది మందిమి ట్రస్టు పెట్టి నడుపుతున్న ఒక చిన్న బడి విషయంలో మీ సలహా కోరుతున్నాను. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 138 మంది పిల్లలు, ఐదుగురు టీచర్లు. పిల్లల్లో సగానికి పైగా అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు. మిగిలినవారిలో ఎక్కువమంది రాయచూరు, కలబురగి వాళ్ళు. ప్రభుత్వ గుర్తింపు ఉంది. పేరుకు ఇంగ్లీషు మీడియం, చట్టప్రకారం కన్నడం ఒక భాష, ఆటల పీరియడులో మాత్రం వినిపించేది తెలుగే.

ఈ మార్చి చివర ఇద్దరు టీచర్లు మానేస్తున్నారు. వారి బదులు, ఈ ఏడాది ఇంజనీరింగో డిగ్రీయో పూర్తిచేసే ముగ్గురిని రెండేళ్ళ ఒప్పందం మీద తీసుకుందామని కమిటీలో ప్రతిపాదన వచ్చింది. నెలకు 18,000 ఇవ్వగలం. కొత్తగా చదువు ముగించిన పిల్లల్లో ఉత్సాహం ఉంటుందనీ, ఇంగ్లీషు బాగుంటుందనీ, కంప్యూటరు కూడా నేర్పుతారనీ కమిటీ ఆశ.

నాకు మాత్రం ఒక సంకోచం ఉంది. రెండేళ్ళ కిందట ఇలాగే ఇద్దరిని తీసుకున్నాం. వారిలో అమ్మాయి ఒప్పందం ప్రకారం ఏడాది పూర్తిచేసి వెళ్ళింది. అబ్బాయి ఆమెకంటే బాగా చెప్పేవాడు, పిల్లలు అతని చుట్టూ తిరిగేవాళ్ళు. ఎప్పుడో రావలసిన కంపెనీ జాయినింగ్ లెటరు అతనికి దసరా సెలవుల్లో వచ్చింది. సెలవులు అయ్యాక బడి తెరిచిన రోజున అతను లేడు. నాలుగో తరగతి పిల్లలు దీపావళి దాకా "సారు ఎప్పుడొస్తాడు?" అని అడుగుతూనే ఉన్నారు. అతన్ని నేను తప్పుపట్టను, కానీ ఆ ప్రశ్నకు మళ్ళీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

ఎలాంటివారిని వెతకాలి, ఎక్కడ వెతకాలి, ఏమని చెప్పి పిలవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

చెన్నైలో రెండేళ్ళు · జనవరి 18, మధ్యాహ్నం 12:05

నేను ఇంజనీరింగు తర్వాత ఒక ఫెలోషిప్పు ద్వారా ఉత్తర చెన్నైలోని ఒక బడిలో రెండేళ్ళు పాఠాలు చెప్పాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. అందువల్ల బల్లకు ఇటువైపు నుంచి కొంత చెప్పగలను.

కొత్త పట్టభద్రులు రెండేళ్ళు బడిలో చెప్పే ఈ పద్ధతి మన దగ్గర పుట్టినది కాదు. 1989లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చివరి సంవత్సరం చదువుతున్న వెండీ కాప్ తన సిద్ధాంత వ్యాసంలో ఈ ప్రతిపాదన చేశారు. మరుసటి ఏడాదే దాదాపు 500 మందితో టీచ్ ఫర్ అమెరికా మొదలైంది. ఆమె గ్రహించిన కిటుకు నా దృష్టిలో ఒక్కటే. పెద్ద పెద్ద బ్యాంకులు, సలహా కంపెనీలు చివరి సంవత్సరం విద్యార్థులను రెండేళ్ళకని వచ్చి ఎగరేసుకుపోతున్నప్పుడు, బడి పంతులు పని కూడా అంతే గొప్పదిగా, అంతే దొరకనిదిగా కనిపిస్తే వాళ్ళు దానికీ వస్తారని ఆమె నమ్మారు. మన దేశంలో షహీన్ మిస్త్రీ ప్రారంభించిన టీచ్ ఫర్ ఇండియా ఫెలోలు 2009లో ముంబయి, పుణె బడుల్లో అడుగుపెట్టారు. చెన్నై, హైదరాబాదు, బెంగళూరులకు తర్వాత విస్తరించారు.

నన్ను ఎంచుకున్న తీరు చెబుతాను. ముందు దరఖాస్తులో వ్యాసాలు, తర్వాత ఫోనులో ముఖాముఖి, ఆ తర్వాత ఒక రోజంతా పరీక్ష. ఆ రోజు అందరి ఎదుట ఐదు నిమిషాల పాఠం చెప్పించారు, గుంపులో చర్చ పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ గట్టి వడపోతే నన్ను లాగింది. పేద పిల్లల మీద ప్రేమ తర్వాత పుట్టింది. పైగా మాకు చూపించిన చిత్రాల్లో "నాయకత్వం" అన్న మాట ఎక్కువగానూ, నోటుపుస్తకాలు దిద్దడం తక్కువగానూ ఉండేవి.

బడిలోకి వెళ్ళాక మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఇంగ్లీషు పాఠాన్ని గడగడా చదివి నన్ను మురిపించాడు. వారం తర్వాత గమనించాను, అతని నోరు ఒక వాక్యం చదువుతుంటే వేలు పై వాక్యం మీద ఉంది. పాఠమంతా కంఠస్థం. ఒక్క అక్షరం విడిగా చూపిస్తే గుర్తుపట్టలేకపోయాడు. దాన్ని ఎలా సరిదిద్దాలో ఐదు వారాల వేసవి శిక్షణలో ఎవరూ చెప్పలేదు. పక్క గదిలో 20 ఏళ్ళుగా ఒకటో తరగతి చెబుతున్న టీచరమ్మ చెప్పింది. కాబట్టి మీరు కొత్తవాళ్ళను తీసుకుంటే, వాళ్ళ పక్క గదిలో ఎవరు ఉంటారన్నది ముందు చూసుకోండి.

డీఎస్సీ నిరీక్షణ · జనవరి 18, రాత్రి 9:40

క్షమించాలి, కొంచెం కటువుగా రాస్తున్నాను. నాకు డీఎడ్, అంటే ప్రాథమిక టీచర్ల శిక్షణ డిప్లొమా, ఉంది. టీచర్ల అర్హత పరీక్షలైన ఆంధ్రప్రదేశ్ టెట్టు, కేంద్ర ప్రభుత్వపు సీటెట్టు రెండూ పాసయ్యాను. మొన్న 2025లో ప్రభుత్వ టీచర్ల నియామకానికి వచ్చిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉన్నా మా జిల్లాలో నా కేటగిరీలో రెండు మార్కుల తేడాతో తప్పిపోయింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో కస్టమర్ల ఫోన్లకు జవాబులు చెబుతున్నాను. అంతకుముందు ఇదే నగరంలో ఒక ప్రైవేటు స్కూలులో రెండో తరగతికి నెలకు 11,000 జీతంతో చెప్పాను. వేసవి రెండు నెలలు అది కూడా ఉండేది కాదు.

చదువు చెప్పడమే వృత్తిగా నేర్చుకున్న మాలాంటివాళ్ళం ఫోన్లు ఎత్తుతుంటే, ఫోన్లు ఎత్తవలసిన కంపెనీలకు వెళ్ళబోయేవాళ్ళను బడికి రమ్మని బతిమాలుకోవడం ఏమిటి? తుబరహళ్ళి గారూ, ఒక్కటి అడుగుతాను. కొత్త పట్టభద్రులకు 18,000 అన్నారు. ఇప్పుడు మీ బడిలో ఉన్న శిక్షణ పొందిన టీచర్లకు ఎంత ఇస్తున్నారు?

తుబరహళ్ళి వాసి · జనవరి 18, రాత్రి 10:15

అడిగారు కనుక దాచను. 14,000.

డీఎస్సీ నిరీక్షణ · జనవరి 18, రాత్రి 10:22

మీ టీచర్లు ఇద్దరు ఎందుకు మానేస్తున్నారో ఆ ఒక్క అంకెలో ఉంది.

మదనపల్లె మాస్టారు · జనవరి 19, ఉదయం 6:10

పై అమ్మాయి కోపం న్యాయమైనది. అయితే జీతం కంటే ముందు చట్టం సంగతి చూడాలి, ఎందుకంటే కమిటీవారు దాన్ని పరిశీలించినట్లు లేదు. నేను 34 ఏళ్ళు ఎలిమెంటరీ, హైస్కూళ్ళలో పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ప్రస్తుతం అబ్బాయి దగ్గర బెళ్ళందూరులో ఉంటున్నాను.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని 23వ సెక్షను ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది వరకు చెప్పే టీచరుకు నిర్ణీత అర్హత ఉండాలి. ఆ అర్హతలో టెట్టు భాగమని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టు 23న ప్రకటించింది. ఇది సర్కారు బడికే అనుకునేవాళ్ళున్నారు, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికి కూడా వర్తిస్తుంది. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఎడ్ సరిపోదని, డీఎడ్ వంటి శిక్షణే కావాలని తేల్చింది. ఇక చట్టం చివరనున్న షెడ్యూలు చూడండి. ఐదో తరగతి వరకు ఉన్న బడిలో 121 నుంచి 200 మంది వరకు పిల్లలుంటే ఐదుగురు టీచర్లు ఉండాలి. మీకు 138 మంది. అంటే మీ ఐదు స్థానాలూ అర్హులతోనే నిండాలి. ఖాళీ అయ్యే రెండు స్థానాల్లో ఇంజనీరింగు పిల్లలను పెట్టి, తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరులో ఇంకెవరి పేరో చూపిస్తామంటే అది నేను వినదలచుకోని మాట.

కొత్తవాళ్ళు వద్దని నేను అనడం లేదు. వాళ్ళు ఆరోవారు, ఏడోవారు కావాలి. మా రోజుల్లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యా వాలంటీర్లు ఉండేవారు. మా మండలంలో పాపం వాళ్ళను ఆగస్టులో తీసుకుని ఏప్రిల్లో పంపించేసేవాళ్ళం. మళ్ళీ ఆగస్టులో కొత్త ముఖం. పిల్లవాడు గుణింతాల దగ్గర ఆగిపోయాడని ఒకరికి అర్థమయ్యేసరికి ఆ ఒకరి గడువు ముగిసేది.

లెక్కల పిట్ట · జనవరి 19, ఉదయం 11:30

మాస్టారి మాటకు ఊతమిచ్చే పరిశోధన మన ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ పద్ధతిన ఎంచిన 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి, రెండేళ్ళ తర్వాత పిల్లలకు పరీక్ష పెట్టారు. అదనపు టీచరు లేని బడులతో పోలిస్తే లెక్కల్లో 0.16, భాషలో 0.15 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య ఎడాన్ని కొలిచే ప్రమాణం) మేర పిల్లలు ముందున్నారు. కాంట్రాక్టు టీచర్ల గైర్హాజరు 18 శాతం, రెగ్యులర్ టీచర్లది 27 శాతం. రెగ్యులర్ వాళ్ళతో పోలిస్తే ఈ కాంట్రాక్టు టీచర్లకు చదువూ శిక్షణా తక్కువే, జీతం మరీ తక్కువ.

దీన్ని చూపించి "శిక్షణ లేకపోయినా ఫరవాలేదు" అని కొందరు వాదిస్తారు. గమనించవలసిన మాట "అదనంగా". ఉన్న టీచరును తీసేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ప్రయోగం కాదది.

అమెరికాలో 2004లో మ్యాథమెటికా అనే సంస్థ చేసిన అధ్యయనంలో టీచ్ ఫర్ అమెరికా వారి పిల్లలు లెక్కల్లో 0.15 ప్రామాణిక విచలనాలు, అంటే సుమారు ఒక నెల చదువు మేర ముందున్నారు. చదవడంలో మాత్రం తేడా కనబడలేదు. నాకు ఇది సబబుగానే తోస్తుంది. తనకు లెక్కలు వస్తే ఎదుటివాడికి కొంతైనా చెప్పవచ్చు, కానీ చదవడం నేర్పడం వేరే విద్య. తనకు చదవడం ఎలా వచ్చిందో ఎవరికీ గుర్తుండదు కదా.

మరో అధ్యయనం న్యూయార్క్ నగరంలోని నాలుగు, ఐదు తరగతులది, ఎనిమిదేళ్ళ సమాచారంతో 2013లో వచ్చింది. టీచర్లు ఎక్కువగా మారిపోయిన తరగతుల్లో పిల్లల మార్కులు తగ్గాయి. టీచరు మారని పిల్లలకు కూడా ఆ దెబ్బ తగిలింది. తుబరహళ్ళి గారి నాలుగో తరగతి పిల్లల ప్రశ్నకు అంకెల్లో రూపం అదేనేమో.

అమ్మాయి తల్లి · జనవరి 19, మధ్యాహ్నం 3:45

నేను ఈ వేదికలో చదవడమే గాని రాయను. మా అమ్మాయి చెన్నైలో ఇంజనీరింగు చివరి సంవత్సరం. మంచి కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అది వదిలేసి రెండేళ్ళు పేద పిల్లలకు చదువు చెబుతానంటోంది. కాలేజీకి ఎవరో వచ్చి మాట్లాడి వెళ్ళారట, అప్పటినుంచి ఇదే పాట. దాని తండ్రి రెండు రోజులుగా దానితో మాట్లాడటం లేదు. విద్యా రుణం ఆరు లక్షలు ఉంది. పిల్ల మనసు మంచిదే. కానీ మాలాంటి ఇళ్ళలో మంచి మనసుకు కంతులు ఎవరు కడతారు?

క్యాంపస్ నియామకాలు · జనవరి 19, రాత్రి 8:20

అమ్మా, మీ ప్రశ్న ఈ చర్చకంతటికీ మూలమైనది. నేను పదకొండేళ్ళుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి కాలేజీల్లో నియామకాలు చేస్తున్నాను. ముందు లెక్క చూద్దాం.

బ్యాంకుల మాదిరి పథకంలో చదువు ముగిసిన తర్వాత ఒక సంవత్సరం వరకు కంతులు కట్టనక్కరలేదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అంటే రెండేళ్ళ ఒప్పందంలో రెండో ఏడు కంతులు మొదలవుతాయి. ఆరు లక్షలకు పదేళ్ళ గడువు, 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు 8,000. తుబరహళ్ళి గారు ఇస్తామన్నది 18,000. మారతహళ్ళి చుట్టుపక్కల పీజీలో ఇద్దరుండే గదికి భోజనంతో సహా తొమ్మిది, పది వేలు తక్కువ కాదు. అవి రెండూ పోతే చేతిలో మిగిలేది బస్సు పాసు డబ్బులు. ఇక ఈ పనికి ఎవరు రాగలరు? ఇంట్లో కాస్త కలిగినవాళ్ళు, లేదా ఇంకేమీ దొరకనివాళ్ళు. కూలీల పిల్లల బాధ తెలిసి, తాను కూడా సర్కారు బడి బల్లమీద కూర్చుని పైకి వచ్చిన పిల్లకు ఈ దారి మూసుకుపోతుంది. అసలు కావలసింది ఆమే.

అందుకని నా సలహా ఒకటి. జీతం పెంచలేకపోతే వసతి చూపించండి. ట్రస్టులో పది మంది ఉన్నారన్నారు, ఎవరింట్లోనైనా ఒక గది ఖాళీగా ఉండదా? మధ్యాహ్న భోజనం బడిలోనే పెట్టండి.

జాయినింగ్ లెటరు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళను తీసుకోకండి. మా పరిశ్రమలో ఆఫర్ ఇచ్చి నెలల తరబడి ఊరించడం కొత్త కాదు, అలాంటివాళ్ళు ఈ లోపు ఊరికే ఉండలేక మీ దగ్గరికి వస్తారు. ముఖాముఖిలో మొదటి ప్రశ్నగా "మీ చేతిలో ఇంకో ఆఫర్ ఉందా, ఎప్పుడు పిలుస్తారు?" అని సూటిగా అడగండి. అయితే వెళ్ళిపోకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోవడం లాంటి పనులు చేయకండి. అది తప్పు, పైగా కాగితాలు తాకట్టుపెట్టిన మనిషి మనసు పాఠం మీద ఉండదు.

ఎక్కడ వెతకాలన్నారు. పేరుమోసిన కాలేజీలకు పరుగెత్తనక్కరలేదు. హిందూపురం, అనంతపురం, కదిరి కాలేజీల్లో అడగండి. ఇడుపులపాయ, నూజివీడు ట్రిపుల్ ఐటీల పిల్లలను చూడండి. 2008లో ఆ ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయం పెట్టిందే పల్లెల్లో పదో తరగతి బాగా పాసైనవాళ్ళ కోసం. వాళ్ళలో చాలామంది సర్కారు బడుల నుంచే వచ్చారు. మీ పిల్లల యాస వాళ్ళకు అర్థమవుతుంది.

చెన్నైలో రెండేళ్ళు · జనవరి 19, రాత్రి 10:50

యాస సంగతి ఎత్తారు కనుక. నేను ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగాను కాబట్టి ఆ తరగతిలో బతికి బయటపడ్డాను. నాతో వచ్చిన ఒకమ్మాయి ఢిల్లీ నుంచి వచ్చింది. నాకంటే చురుకైనది, పాఠం తయారీలో నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను. కానీ ఒక పిల్ల వారం పాటు బడికి రాకపోతే ఆమె ఇంటికి వెళ్ళి అమ్మమ్మతో మాట్లాడే దారి లేదు. పిల్లనే దుబాసిగా పెట్టుకుంటే ఆ పిల్ల తనకు కావలసినట్లు తర్జుమా చేసేది.

తుబరహళ్ళి గారి బడిలో ఇది ఇంకా చిక్కు. "ఎరడు" అనే చోట "రెండు" అనే పిల్లవాడికి కన్నడం రాదని కాదు, లెక్క రాదని కాదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ లాంటివి, చాలా అక్షరాల్లో తేడా తలకట్టు దగ్గరే. ఆ సంగతి తెలిసిన టీచరు దాన్ని సాయంగా వాడుకుంటాడు, తెలియనివాడు ఎర్ర సిరాతో కొట్టేస్తాడు. కాబట్టి ఇంగ్లీషు ధారాళంగా ఉండటం మొదటి అర్హతగా పెట్టకండి. తెలుగో కన్నడమో ఇంటి భాషగా ఉండటం పెట్టండి.

అమ్మా, మీ అమ్మాయి గురించి ఒక మాట. కంపెనీవాళ్ళు చేరే తేదీని వాయిదా వేస్తారేమో రాతపూర్వకంగా అడగమనండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే నిర్ణయం ఆమెదీ మీదీ. కానీ సంతకం చేసేముందు ఏదైనా ఒక బడిలో రెండు వారాలు కూర్చోమనండి. కాలేజీలో విన్న ఉపన్యాసంతో ఆ పనిని కొలవకూడదు. అలా కూర్చున్నాక కూడా ఇదే పాట పాడితే ఇక ఆమెను ఆపకండి.

డీఎస్సీ నిరీక్షణ · జనవరి 20, ఉదయం 7:55

ఇల్లు, భోజనం, యాస, వాయిదా, అన్నీ పట్టభద్రుల గురించే మాట్లాడుతున్నారు. ఖాళీ అయ్యే రెండు అసలు స్థానాల మాట ఏమిటి? ఆ 14,000కే ఇంకో ఇద్దరు డీఎడ్ వాళ్ళు దొరుకుతారులే అనే ధీమానా? దొరుకుతారు. మేము చాలామందిమి ఉన్నాం. మళ్ళీ డీఎస్సీ నోటిఫికేషన్ పడగానే వెళ్ళిపోతాం, అది కూడా గుర్తుంచుకోండి. రెండేళ్ళకే వెళ్ళిపోతారని కుర్రవాళ్ళను అంటున్నారు గాని, మమ్మల్ని ఉంచే ప్రయత్నం మాత్రం ఎవరు చేశారు?

మదనపల్లె మాస్టారు · జనవరి 20, ఉదయం 9:00

అమ్మాయీ, నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కమిటీ వారు ముందు ఆ అంకె సరిచేయాలి.

ఇక అదనంగా వచ్చే కొత్తవారికి ఏ పని అప్పగించాలో చెబుతాను. పూర్తి తరగతి ఇవ్వవద్దు. మొదటి ఏడాది వాళ్ళకు రోజూ రెండు గంటల చదివింపు పని ఇవ్వండి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న తీరు మీకు సరిగ్గా సరిపోతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరికీ ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు కేటాయించి, అక్షరాలు చదవగలడా, పదాలా, చిన్న పేరానా, కథా అని పరీక్షించి, ఏ తరగతి వాడన్నది వదిలేసి ఏ మెట్టు మీద ఉన్నాడన్న దాన్నిబట్టి గుంపులు చేయాలి. ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో తేలితే సిగ్గుపడతాడు, ఆ సిగ్గు పోగొట్టడమే కొత్త టీచరు మొదటి పాఠం. వేసవిలో కూలీలు ఊరికి పోయినా, పీర్ల పండుగకు అనంతపురం వైపు గూగూడు వెళ్ళి రెండు వారాలు రాకపోయినా, పిల్లవాడు తిరిగి వచ్చి తను దిగిన మెట్టు మీదే ఎక్కవచ్చు. మామూలు తరగతిలో ఆ వీలు లేదు, పాఠం అతన్ని వదిలేసి ముందుకు పోయి ఉంటుంది.

ఇలా పిల్లవాడి వేగాన్నిబట్టి నడిచే చదువుకు మా ఊరి పక్కనే పెద్ద ఉదాహరణ ఉంది. రిషీ వ్యాలీ బడి వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉన్నా బండి నడిచేది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు అది చూసి వెళ్ళి నలి-కలి అనే ఆడుతూ నేర్చుకునే పద్ధతి మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో అదే బాట పట్టింది, తర్వాత తమిళనాడంతా పాకింది. మదనపల్లె దగ్గర పుట్టిన విద్య కన్నడ, తమిళ బడులను చుట్టివచ్చింది. బెంగళూరులోని తెలుగు కూలీ పిల్లలకు అది అందకపోతే అంతకంటే విడ్డూరం లేదు. బదిలీ మీద పోతూ అలమరా తాళం ఇచ్చిపోయినట్లు, ఈ కార్డులు, గుంపుల రిజిస్టరూ ఉంటే ఒక కుర్రవాడు వెళ్ళిపోయినా తర్వాతి వాడు ఏ మెట్టు దగ్గర అందుకోవాలో చూసుకోగలడు.

నెలకు రెండు శనివారాలు నేను వచ్చి కొత్తవాళ్ళ పక్కన కూర్చుంటాను. బెళ్ళందూరు నుంచి దూరమేమీ కాదు, ఆ ట్రాఫిక్కులో ఎంతసేపు పడుతుందో భగవంతుడికే తెలియాలి.

లెక్కల పిట్ట · జనవరి 20, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, ఒక చిన్న అభ్యంతరం. మొదటి ఏడాదంతా తరగతి ఇవ్వకపోతే రెండో ఏడాది చివర వాళ్ళు వెళ్ళిపోతారు. మనం శిక్షణ ఇచ్చి పంపించినట్లవుతుంది.

మదనపల్లె మాస్టారు · జనవరి 20, మధ్యాహ్నం 2:30

వెళ్ళనీ బాబూ. ఆ రెండు గంటల్లో నలభై మంది పిల్లలు అక్షరాల నుంచి కథకు ఎక్కితే అతని బాకీ తీరినట్లే. తరగతి ఇచ్చి, నాలుగు నెలల పాటు అతను నేర్చుకోవడానికి పిల్లల ఏడాదిని ఖర్చుపెట్టడం కంటే అది నయం.

తుబరహళ్ళి వాసి · జనవరి 24, సాయంత్రం 6:00

నిన్న కమిటీ సమావేశం జరిగింది. నాలుగు గంటలు పట్టింది. ఒక సభ్యుడు కోపంతో మధ్యలోనే వెళ్ళిపోయి, మళ్ళీ కాఫీకి వచ్చాడు.

పాత ప్రతిపాదన ప్రకారం, మిగిలే ముగ్గురు టీచర్లకు 14,000 చొప్పున 42,000, కొత్త ముగ్గురికి 18,000 చొప్పున 54,000, మొత్తం నెలకు 96,000. ఇప్పుడు ఒప్పుకున్నది వేరు. ఐదుగురు అర్హులైన టీచర్లకు ఒక్కొక్కరికి 17,000 చొప్పున 85,000. అదనంగా ముగ్గురు కాదు, ఒక్క కొత్త పట్టభద్రుడు లేదా పట్టభద్రురాలికి 12,000, మా ట్రస్టీ ఒకరి ఇంట్లో గది, బడిలో మధ్యాహ్న భోజనం. మొత్తం 97,000. వెయ్యి రూపాయల తేడాకు ఇన్నాళ్ళూ ఇలా ఆలోచించలేకపోయామా అని నాకే సిగ్గేసింది. మానేస్తున్న ఇద్దరిలో ఒకరు, జీతం సంగతి తెలిశాక, ఉండిపోతానన్నారు. ఇంకొకరి పెళ్ళి కుదిరింది, ఆమె వెళ్ళక తప్పదు. కాబట్టి ఒక టీచరు స్థానం, ఒక అదనపు స్థానం ఖాళీ.

ప్రకటన ముసాయిదా ఇది. తప్పులుంటే చెప్పండి.

"బెంగళూరు తుబరహళ్ళి ప్రాంతంలో కట్టడ కూలీల పిల్లలు చదివే ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు కావాలి. మొదటి స్థానం తరగతి టీచరు: డీఎడ్, సీటెట్ లేదా టెట్ ఉత్తీర్ణత, తెలుగు గానీ కన్నడం గానీ ఇంటి భాషగా ఉండాలి, జీతం 17,000, పన్నెండు నెలలూ చెల్లించబడుతుంది. రెండవ స్థానం పఠన సహాయకులు: ఈ సంవత్సరం ఏదైనా డిగ్రీ పూర్తిచేస్తున్నవారు, 12,000, వసతి, మధ్యాహ్న భోజనం. చేతిలో వేరే ఉద్యోగపు ఆఫర్ ఉన్నవారు ఆ విషయం ముందే తెలియజేయాలి. పని రోజూ పిల్లలను స్థాయిల వారీగా చదివించడం, వారి పురోగతి రాసి ఉంచడం, రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళడం. ఇందులో ఎక్కువ భాగం ఓపిక, కొద్ది భాగమే ఉపన్యాసం. మధ్యలో వెళ్ళదలచినవారు విద్యా సంవత్సరం ముగిశాకనే వెళ్ళాలని కోరుతున్నాం. సర్టిఫికెట్లు మా వద్ద ఉంచుకోము. ఎంపికకు ముందు రెండు పూర్తి రోజులు బడిలో గడపాలి, ఆ రెండు రోజులకు భత్యం ఇస్తాం."

క్యాంపస్ నియామకాలు · జనవరి 24, రాత్రి 7:15

నా పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇంత నిజాయితీ ఉన్న ప్రకటన రాయలేదు, రాసుంటే నన్ను తీసేసేవారు. ఒక్క సవరణ: "కోరుతున్నాం" చాలదు. ఒప్పంద పత్రంలో విద్యా సంవత్సరం చివరి తేదీ రాసి, ఆ తేదీ వరకు ఉన్నవారికి ఒక నెల జీతం అదనంగా ఇస్తామని రాయండి. భయం కంటే ఆశ ఎక్కువ రోజులు పనిచేస్తుంది.

అమ్మాయి తల్లి · జనవరి 24, రాత్రి 9:30

మా అమ్మాయి ఈ చర్చంతా చదివింది. ఫిబ్రవరిలో సెలవు పెట్టి చెన్నై నుంచి వచ్చి ఆ రెండు రోజులూ మీ బడిలో కూర్చుంటానంటోంది. కంపెనీకి ఉత్తరం కూడా రాసింది. దాని తండ్రి ఇంకా మాట్లాడలేదు గాని రైలు టికెట్టు ఆయనే తీశారు.

డీఎస్సీ నిరీక్షణ · జనవరి 25, ఉదయం 8:05

తరగతి టీచరు స్థానానికి నేను దరఖాస్తు చేస్తున్నాను. డీఎస్సీ వస్తే రాస్తాను, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ప్రకటనలో జీతం ఏ తేదీన ఇస్తారో రాయలేదు. నేను చెప్పిన పాత స్కూలులో అది 20వ తేదీ దాటేది.

తుబరహళ్ళి వాసి · జనవరి 25, ఉదయం 8:40

ప్రతి నెలా 5వ తేదీలోపు అని చేర్చాను. బస్సులో వస్తే తుబరహళ్ళి స్టాపులో దిగి ఫోను చేయండి, లోపలికి దారి తవ్వేశారు, నేనే వచ్చి తీసుకెళతాను.